కంటిచూపు మేరలో సుదూరం

సన్యాసమ్మ బతికి బట్టకట్టడానికి కారణం అంబులెన్స్‌లో డీజిల్ అయిపోవడం.

గుమ్మలోవలో నాట్లు వేస్తుంటే గట్టు మీద నాగుపాము ఆమె మడమ మీద కాటేసింది. తోటి కూలీలు మంచం మీద మోసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. డాక్టర్ వకుళ పరుగెత్తి ఫ్రిజ్ తెరిచింది. విరుగుడు ఇంజెక్షన్ సీసాలు ఉండాల్సిన అరలో ఫార్మసిస్టు పైడిరాజు పెరుగు గిన్నె ఒక్కటే ఉంది.

ఏ ఊరి ఆసుపత్రిలో సీసాలున్నాయి? వకుళ ఫోన్లు అందుకుంది. బొడ్డవలస స్విచాఫ్. ఇంకో ఊరు మోగింది కానీ ఎత్తలేదు. మూడో ఊరు ఎత్తింది, "కనుక్కుని చెప్తాం" అంది. అంబులెన్స్ డ్రైవర్ దాలినాయుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి ఎటు తిప్పాలో తెలియక హారన్ మాత్రం కొడుతున్నాడు.

"మేడం, ఎటో ఒకవైపు చెప్పండి. ముందు డీజిల్ కొట్టించాలి."

డీజిల్ బంకు కోతపల్లిలో ఉంది. బంకు ఎదురుగా ఆసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రిలో సీసాలున్నాయి. ఆ సంగతి వాళ్లకి అక్కడికి వెళ్లాకే తెలిసింది. ట్యాంకు నిండుగా ఉండి ఉంటే సన్యాసమ్మ చచ్చిపోయేది.

వకుళ ఆ రాత్రంతా నిద్రపోలేదు. అదృష్టం వల్ల బతికిన రోగిని చూస్తే డాక్టర్లకి సంతోషం కంటే భయం ఎక్కువ.

మర్నాడు ఆమెకి ఒక విషయం తెలిసింది. ఏ ఊళ్లో ఎన్ని సీసాలున్నాయో ప్రభుత్వానికి తెలుసు. ప్రతి ఆసుపత్రీ సాయంత్రం తన లెక్క మెసేజ్ పెడుతుంది. మెట్టవలస డివిజన్ ఔషధ గిడ్డంగిలో దాన్ని సర్వర్‌లోకి ఎక్కిస్తారు. ఎక్కిస్తారు, అంతే. దించి చూసుకునే అవకాశం ఎవరికీ లేదు.

* * *

గిడ్డంగిలో కంప్యూటర్ల పని చూసేవాడు నజీర్. కాంట్రాక్టు ఉద్యోగి. వకుళ అడిగింది విని తల గోక్కున్నాడు.

"ఇరవై నిమిషాల పని మేడం. ఇప్పుడు ఆ సర్వర్ తన గదిలో తనతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. అలా పెట్టారు. ఆ సెట్టింగు మార్చాలి. గోడలో ఒక కిటికీ తెరిచినట్టు ఒక దారి తెరవాలి. ఆ దారిన మీరు మాత్రమే వచ్చేలా, చూడ్డం తప్ప ఏమీ ముట్టుకోలేకుండా, మీకో పేరూ పాస్‌వర్డూ ఇవ్వాలి."

"మరి చెయ్యండి."

"చేస్తాను మేడం. పర్మిషన్ రావాలి."

పర్మిషన్ వచ్చేలోపు చేయగలిగిందంతా చేశాడు. గుమ్మలోవ ఆసుపత్రి కంప్యూటర్‌లోనూ, వకుళ ఫోన్‌లోనూ చిన్న ప్రోగ్రాం ఎక్కించాడు. పాస్‌వర్డ్ పెట్టాడు. బటన్ నొక్కితే ఎర్ర అక్షరాలు వచ్చేవి: 'కనెక్షన్ నిరాకరించబడింది.'

"సర్వర్ వైపు తెరిచిన రోజు ఈ ఎరుపు పోయి లెక్క కనిపిస్తుంది మేడం."

వకుళ రోజూ పొద్దున్నే ఒకసారి నొక్కి చూసేది. ఎరుపు. ఎరుపు. ఎరుపు.

* * *

ఆ పర్మిషన్ ఇవ్వాల్సిన గిడ్డంగి పై అధికారి, అదనపు సంచాలకులు పట్నాయకుని సర్వేశ్వరరావు గారు సరిగ్గా ఆ వారమే కంప్యూటర్ భద్రత మీద శిక్షణ ముగించుకుని వచ్చారు. శిక్షణ సముద్రం ఒడ్డున ఒక హోటల్లో జరిగింది. అక్కడినుంచి ఆయన ఒక కాఫీ కప్పూ, ఒక జీవిత సత్యమూ తెచ్చుకున్నారు. సత్యం కప్పు మీదే రాసి ఉంది: 'ఎవరినీ నమ్మకు.'

ఆ రోజు నుంచి ఆయన ఆ కప్పులో కాఫీ పోసి ఇచ్చిన అటెండర్‌ని కూడా ముందు ఓ గుక్క తాగి చూపించమనేవారు.

వకుళ అర్జీ మీద సమావేశం పెట్టారు. ఆయనకి కుడిపక్కన సూపరింటెండెంట్ కూర్మారావు కూర్చున్నాడు. హోదా రీత్యా సర్వర్ సంరక్షకుడు. ఆ సర్వర్ కొన్న నాటి నుంచి అతని చేతుల మీదే ఉంది. రోజూ పసుపూ కుంకుమా పెడతాడు, అగరొత్తి వెలిగిస్తాడు, అటుకులూ బెల్లం నైవేద్యం పెడతాడు. అతని సర్వీసులో సర్వర్ ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆగకపోవడానికి అటుకులే కారణం కాదని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు.

"డాక్టర్ గారూ," అన్నారు సర్వేశ్వరరావు గారు, "మీ అభ్యర్థనను సూత్రప్రాయంగా ఆమోదిస్తున్నాం. సుదూర అనుసంధానానికి ఈ కార్యాలయం వ్యతిరేకం కాదు. కాకపోతే, అందులో ఒక్కటే లోపం."

"ఏమిటి సార్?"

"దూరం."

గదిలో అందరూ ఆలోచనలో పడ్డారు. నజీర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, దూరంగా ఉన్నారు కాబట్టే కదా సార్ అడుగుతున్నారు..."

"ఆగవయ్యా. అరవై కిలోమీటర్ల అవతల ఆ కంప్యూటర్ ముందు డాక్టర్ గారే కూర్చున్నారని నేనెలా నమ్మేది?"

"పాస్‌వర్డ్ ఉంటుంది సార్."

"పాస్‌వర్డ్‌ని ఎలా నమ్మేది?"

కూర్మారావు వినయంగా ముందుకి వంగాడు. "చిత్తం. నా కళ్లెదుట ఉంటే నమ్మొచ్చు సార్. నేను కంటితో చూస్తాను కదా."

సర్వేశ్వరరావు గారు కప్పు కింద పెట్టారు. గొప్ప ఆలోచనలు ఆయనకి ఎప్పుడూ ఇతరుల నోటి నుంచే వచ్చేవి. సర్క్యులర్ సాయంత్రానికల్లా తయారైంది.

'సుదూర అనుసంధానము కోరు ప్రతి కంప్యూటరు సర్వరు సంరక్షకుని కంటిచూపు మేరలో ఉండవలెను. సంరక్షకుని కంటికి కనబడని ఏ యంత్రమునకు గాని, ఏ వ్యక్తికి గాని, వారి హోదాతో నిమిత్తము లేకుండా, సర్వరులోని సమాచారమును రాతపూర్వకముగా గాని నోటిమాటగా గాని తెలియజేయరాదు.'

'హోదాతో నిమిత్తము లేకుండా' అనే మాట సర్వేశ్వరరావు గారే స్వయంగా చేర్చారు. అది చేర్చాక సర్క్యులర్‌ని దూరంగా పట్టుకుని ఒకసారి చూసుకుని, "ఇదీ భద్రతంటే" అన్నారు.

* * *

గుమ్మలోవ ఆసుపత్రి కంప్యూటర్‌ని అంబులెన్స్‌లో పడుకోబెట్టి మెట్టవలస తీసుకొచ్చారు. గతుకుల రోడ్డు కదా అని దాలినాయుడు బెల్టు కూడా వేశాడు.

సర్వర్ గదిలో రెండో బల్లకి చోటు లేదు. పక్క గదిలో పెట్టారు. పక్క గదిలో పెడితే కూర్మారావుకి కనబడదు. మధ్య గోడకి కన్నం కొట్టారు. కూర్మారావు కుర్చీలో కూర్చుంటే కన్నంలోంచి కంప్యూటర్ సూటిగా కనబడాలి కనుక, కన్నం అతను కూర్చున్న ఎత్తుకి కొట్టారు. మొదటిసారి కొట్టినప్పుడు అతను తలగడ మీద కూర్చున్నాడు. తలగడ తీస్తే గోడ కనబడింది. కన్నాన్ని కిందికి, నేల దాకా పెంచారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. సర్వేశ్వరరావు గారు కొబ్బరికాయ కొట్టి బటన్ నొక్కారు. ఎరుపు పోయింది. డివిజన్లోని ప్రతి ఊరి లెక్కా తెర మీద మెరిసింది. చప్పట్లు మోగాయి.

"చూశారా డాక్టర్ గారూ! మీ గుమ్మలోవ కంప్యూటర్ మా సర్వర్‌తో మాట్లాడుతోంది. ఇక మీ సమస్య తీరినట్టే."

"సార్, నేను గుమ్మలోవలో ఉంటాను కదా."

ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. ఇది ఊహించని సాంకేతిక లోపం.

వారం తిరగకుండా వకుళకి డిప్యుటేషన్ వచ్చింది. కంప్యూటర్ ఎక్కడుంటే దాన్ని వాడే అధికారి అక్కడే ఉండాలి. డాక్టర్ వచ్చేసింది కనుక మందులిచ్చే పైడిరాజు వచ్చేశాడు, గుమ్మలోవ స్టోరు తాళంచెవి జేబులో వేసుకుని. ఇద్దరూ వచ్చేశాక అంబులెన్స్ అక్కడుండి చేసేదేముంది? దాలినాయుడు వచ్చేశాడు. గుమ్మలోవ ఆసుపత్రి తలుపుకి బోర్డు తగిలించారు: 'పాము కాటు బాధితులు మెట్టవలస సుదూర అనుసంధాన కేంద్రమును సంప్రదించవలెను.'

వకుళ వెళ్లనని కూడా చెప్పి చూసింది. వెళ్లకపోతే గుమ్మలోవకి ఆ కాస్త డాక్టరూ ఉండదని పై నుంచి చల్లగా చెప్పారు. వెళ్తే ఉన్నట్టు రికార్డులో ఉంటుంది.

* * *

మొదటి బాధితుడు మేకల కాపరి గవరయ్య. సన్యాసమ్మకి మరిది. పాము చేతి మీద కొట్టింది. ఆమే బస్సులో, ఆటోలో, చివరికి ఇటుకల లారీలో వేసి తీసుకొచ్చింది.

వకుళ తెర వైపు చూసింది. ఏ ఊళ్లో విరుగుడు ఉందో స్పష్టంగా కనిపించింది. కోటా ప్రకారం కొత్త సీసాలు దిగిన ఊరు గుమ్మలోవ.

"ఏటమ్మా అలా సూత్తన్నావు? ఎక్కడుందో సెప్పీ. పట్టుకెల్లిపోతాను."

వకుళ తెర వదిలి లేచింది. గిడ్డంగిలో మిగిలి ఉన్న చివరి సీసాలు తీసి ఎక్కించింది. గవరయ్య బతికాడు. ఆలస్యమైంది కనుక రెండు వేళ్లు పోయాయి.

విషయం తెలిశాక సన్యాసమ్మ వరండాలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. సర్వేశ్వరరావు గారు కారెక్కుతున్నారు.

"బాబూ, మా ఊళ్లో పాము కరిత్తే మీ ఊరొచ్చి, మందు మా ఊళ్లోనే ఉందని తెలుసుకోవాలేటి?"

"అమ్మా, ఇది సమాచార వ్యవస్థ. సమాచారం కచ్చితంగా అందిందా లేదా?"

"అందింది బాబూ. ఏల్లే పోనాయి." ఆమె చీర చెంగు బిగించింది. "ఓ పని సెయ్యండి. పాముకి కూడా ఓ కాయితం రాసీండి. అదీ ఇక్కడికే వొచ్చి కరుత్తాది. మాకు లారీ ఖర్సులు తగ్గుతాయి."

సూచన బాగుందని ఆయన తలూపి కారెక్కారు. సూచనల పెట్టెలో వేయమన్నారు.

ఆ నెల నివేదికలో ఇలా రాశారు: 'సుదూర అనుసంధానము నూటికి నూరు శాతము విజయవంతము. అంతరాయములు లేవు. అనుసంధాన దూరము: గోడ మందము.'

* * *

అంత విజయానికి అవార్డు రాకుండా ఉంటుందా? రాజధాని నుంచి పరిశీలకుడు వచ్చాడు. షామియానా వేశారు. సర్వర్‌కి ఆ రోజు అటుకులతో పాటు పులిహోర కూడా పెట్టారు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. గోడకి నేల దాకా కన్నం కొట్టిన దగ్గర్నుంచీ అటుకుల కోసం ఎలుకలు వస్తున్నాయి. కూర్మారావు వాటిని చూశాడు. కానీ సర్క్యులర్ ప్రకారం అతను చూడవలసింది కంప్యూటర్‌ని. ఎలుకలు వచ్చే చోటికి ఇంకెవరొస్తారో పల్లెలో ఎవరినడిగినా చెప్తారు. ఆ కార్యాలయంలో పల్లెవాళ్లెవరూ లేరు.

"అసలు మా ప్రత్యేకత ఇదండీ," అన్నారు సర్వేశ్వరరావు గారు పరిశీలకుడితో. "మా సంరక్షకుడికీ సుదూర కంప్యూటర్‌కీ మధ్య ఎలాంటి అడ్డంకీ లేదు. చూడండి." ఆయన వంగి, కన్నంలోకి చెయ్యి మోచేతి దాకా పెట్టి అవతల కూర్మారావుకి ఊపారు.

ఆపైన ఒక అరుపు వినిపించింది. అధికార భాషలో లేదు.

పాము తన పని ముగించుకుని మురుగు కాలవలోకి పోయింది. నాగుపాము. బారెడుంది. పరిశీలకుడు అంతకంటే వేగంగా కారులోకి పోయాడు.

కూర్మారావు తన కర్తవ్యం మరచిపోలేదు. ఆపద వేళ సర్వర్‌ని కాపాడుకోవాలి. పక్క గది కంప్యూటర్‌కి వెళ్లే కేబుల్ పీకాడు. కన్నంలో తువ్వాలు కుక్కాడు. సర్వర్ గది తలుపు లోపల్నుంచి గడియ పెట్టాడు. ఏదో రిపేరు మీద అదే గదిలో ఉన్న నజీర్ కూడా లోపలే ఉండిపోయాడు. సంరక్షకుడికి తప్ప ఆ గదిలో ఎవరికీ ఫోన్ ఉండకూడదు కనుక నజీర్ ఫోన్ బయట బుట్టలో ఉంది.

వకుళ సర్వేశ్వరరావు గారి చెయ్యి కదలకుండా కర్రకి కట్టింది.

"ఇంజెక్షన్, డాక్టర్ గారూ, ఇంజెక్షన్!"

"గిడ్డంగిలో లేదు సార్. గవరయ్యతో అయిపోయింది."

"గుమ్మలోవలో ఉందన్నారు కదా! గుమ్మలోవకి ఫోన్ చెయ్యండి! తెమ్మనండి!"

వకుళ ఒకసారి పైడిరాజు వైపు, ఒకసారి దాలినాయుడి వైపు చూసింది. "సార్, గుమ్మలోవ మొత్తం ఇక్కడే ఉంది."

* * *

అంబులెన్స్ సైరన్ వేసుకుని దూసుకుపోయింది. పెద్దాసుపత్రి రెండు గంటల దారి. గుమ్మలోవ గంటన్నర. సగం దూరం పోయాక రోడ్డు చీలుతుంది. ఎడమకి గుమ్మలోవ, ఇంకా చాలా దూరం, కొండ దారి. కుడికి తిరిగితే పది నిమిషాల్లో బొడ్డవలస. బొడ్డవలసలో విరుగుడు ఉందా? ఫోన్ ఎప్పటిలాగే స్విచాఫ్.

సర్వేశ్వరరావు గారి రెప్పలు వాలుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది.

"మీరు... ఇద్దరు కనబడుతున్నారు, డాక్టర్ గారూ."

విషం నరాలకెక్కుతోందని వకుళకి అర్థమైంది. గుమ్మలోవ దాకా ఈయన ఊపిరి నిలవదు. బొడ్డవలస వెళ్లి అక్కడ లేకపోతే, వెనక్కి తిరిగే టైం కూడా ఉండదు. కూర్మారావుకి ఫోన్ చేసి స్పీకర్ నొక్కింది.

"కూర్మారావు గారూ, బొడ్డవలసలో సీసాలెన్ని ఉన్నాయో సర్వర్‌లో చూసి చెప్పండి. తొందరగా!"

"మేడం, నమస్తే. సార్ ఎలా ఉన్నారు?"

"చెప్పండి ముందు!"

"ఎలా చెప్పను మేడం? నోటిమాటగా కూడా తెలియజేయరాదని ఉంది. మీరు నాకు కనబడటం లేదు."

సర్వేశ్వరరావు గారు ఎడమ చేత్తో ఫోన్ లాక్కున్నారు. "కూర్మారావ్! నేనయ్యా! నేను... డైరెక్టర్ని! చెప్పు!"

కూర్మారావు నిజంగానే బాధపడుతున్నాడు.

"గొంతు సార్ గారిలాగే ఉంది. కాస్త ముద్దగా ఉంది కానీ... హోదాతో నిమిత్తం లేకుండా అని సార్ గారే స్వయంగా రాయించారండి. గొంతుని ఎలా నమ్మేది? తమరు ఒక్కసారి ఇలా వచ్చి కనబడి వెళ్తే, తక్షణం చెప్పేస్తాను."

"వెధవా..."

"సార్ గారు నన్ను ఎన్నడూ అలా అనలేదు," అన్నాడు కూర్మారావు. ఇక అనుమానం లేదు. ఫోన్ పెట్టేశాడు.

సర్వర్ గదిలో నజీర్ ఇదంతా విన్నాడు.

చేతిలో ఫోన్ లేదు. తలుపుకి గడియ. గడియకి అడ్డంగా కూర్మారావు. నజీర్ లేచి వెళ్లి సర్వర్ ముందు కూర్చున్నాడు.

"ఏవయ్యా, ఏం చేస్తున్నావు?"

"నేను మీకు కనబడుతున్నానా సార్?"

"ఎదురుగానే ఉన్నావు కదయ్యా."

"అయితే సర్క్యులర్ ప్రకారం నడుస్తున్నట్టే కదా సార్."

కూర్మారావు సర్క్యులర్ మనసులో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకున్నాడు. మనిషి కంటిచూపు మేరలోనే ఉన్నాడు. వేళ్లు టకటకలాడుతూ కనబడుతున్నాయి. అవేం చేస్తున్నాయో తెలుసుకోమని ఎక్కడా లేదు. కుర్చీలో సర్దుకుని, రెప్ప వేయకుండా చూశాడు.

రోడ్డు చీలిక వచ్చేసింది. దాలినాయుడు బ్రేక్ తొక్కాడు. "మేడం! ఎటు?"

వకుళ తన ఫోన్‌లో ఆ బటన్ నొక్కుతూనే ఉంది. ఎరుపు. మళ్లీ నొక్కింది. ఎరుపు. ఇన్ని నెలలుగా పొద్దున్నే నొక్కే అలవాటు తప్ప అందులో ఆశేమీ లేదు. సర్వేశ్వరరావు గారి తల పక్కకి వాలింది. ఆమె ఒక చేత్తో గడ్డం ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో మళ్లీ నొక్కింది.

ఎరుపు పోయింది.

ఊళ్ల పేర్లు వరసగా దిగాయి. వేలితో కిందికి లాగింది. బొడ్డవలస. పది సీసాలు.

"కుడికి! దాలినాయుడూ, కుడికి తిప్పు!"

* * *

సర్వేశ్వరరావు గారు బతికారు. వేళ్లన్నీ ఉన్నాయి. బొడ్డవలస ఆసుపత్రి మంచం మీద మూడో రోజు లేచి కూర్చుని, ముందుగా కప్పు తెప్పించుకున్నారు. తర్వాత రెండు కాగితాలు రాయించారు.

ఒకటి కూర్మారావుకి ప్రశంసాపత్రం. ప్రాణాపాయ స్థితిలో ఉన్న పై అధికారి ఒత్తిడికి సైతం లొంగక నిబంధనను కాపాడినందుకు.

రెండోది నజీర్‌కి సంజాయిషీ నోటీసు. సంచాలకుల ప్రాణములు కాపాడబడుటకు దారితీసిన అనధికార అనుసంధానమును ఎవరి అనుమతితో ఏర్పరచితివి?

నజీర్ ఒక్క వాక్యం జవాబిచ్చాడు. 'ఆద్యంతం సంరక్షకుని కంటిచూపు మేరలోనే ఏర్పరచితిని.' కూర్మారావు సాక్షి సంతకం పెట్టాడు. అతను అబద్ధమాడే మనిషి కాదు.

సరే, ఆ అనుసంధానాన్ని వెంటనే మూసేయమని ఉత్తర్వు వచ్చింది. కూర్మారావు భద్రంగా ప్రత్యుత్తరం రాశాడు. మూసే ముందు రెండు కొసలనూ తాను కంటితో చూసి ధ్రువీకరించవలెను. ఒక కొస తన ఎదుటే ఉన్నది. రెండో కొస డాక్టర్ గారి చేతిలో ఉన్నది. కేబుల్ పీకిన రోజుతో డిప్యుటేషన్ ముగిసినందున డాక్టర్ గారు గుమ్మలోవ వెళ్లిపోయినారు. గుమ్మలోవ తన కంటికి కనబడదు. కనబడని దానిని మూయుటకు తనకు అధికారము లేదు. పైగా కనబడని అనుసంధానము నిబంధన ప్రకారము అసలు ఉండుటకే వీలు లేదు. లేనిదానిని మూయుట ఎట్లు? తగు మార్గదర్శకములు కోరడమైనది.

ఫైలు పైకి వెళ్లింది. ఇంకా అక్కడే ఉంది.

కన్నం మాత్రం పూడ్చేశారు. అటుకులు పెడుతూనే ఉన్నారు.

తర్వాత ఒక సాయంత్రం గుమ్మలోవ ఆసుపత్రి ముందు మంచం దిగింది. మోసుకొచ్చిన వాళ్లలో సన్యాసమ్మ ఉంది. మంచం మీద ఆమె కోడలు.

"డాక్టరమ్మా, నాగుపామే. సూసినాం. మందు ఉందా, నేదా?"

పైడిరాజు అప్పటికే స్టోరు తాళం తీశాడు. పొద్దున్న ఒకరికి వాడగా మిగిలినవి చాలవు. వకుళ ఉన్నవి ఎక్కిస్తూనే మరో చేత్తో ఫోన్ బటన్ నొక్కింది. ఊళ్ల పేర్లు దిగాయి.

"కోతపల్లిలో ఉన్నాయి. పదండి."

సన్యాసమ్మ బండెక్కుతూ డ్రైవర్ సీటు వైపు తొంగి చూసింది. "ఏటి దాలినాయుడూ, మళ్లీ డీజిల్ అయిపోనాదేటి?"

"లేదమ్మా," అన్నాడు దాలినాయుడు, బండి కోతపల్లి వైపు తిప్పుతూ. "ట్యాంకు నిండుగా ఉంది."